ఓడ పుస్తకం తర్జుమా

పుస్తకం రిజిస్టరు కవరులో వచ్చింది. 1968 ఆగస్టు, శనివారం. చిల్లకల్లు పోస్టుమాను సైకిలు మీద పల్లెకు వచ్చి, పున్నమ్మ చేత కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, కవరు చేతిలో పెట్టి వెళ్లాడు. పున్నమ్మ కవరు చించి చూసింది. అట్ట మీద ఓడ బొమ్మ ఉంది. లోపలంతా ఇంగ్లీషు. ఆమె దాన్ని చెంగులో చుట్టుకుని జగ్గయ్యపేట బస్సెక్కి, రైసు మిల్లు దగ్గర దిగింది.

మిల్లులో ఇంజను డ్రైవరు జ్ఞానయ్యది కూడా ఆ పల్లే. పున్నమ్మ కొడుకు పుల్లయ్యా, అతనూ 1954లో ఒకే రోజు బెజవాడ వెళ్లి నౌకాదళంలో చేరారు. ఇద్దరూ 'సింధుధార' అనే ఓడలో స్టోకర్లు, అంటే ఇంజనూ పంపులూ చూసే పనివాళ్లు. పుల్లయ్య 1961 డిసెంబరులో ఆ ఓడ మీదే చనిపోయాడు. జ్ఞానయ్య పదేళ్లు పూర్తి చేసుకుని ఇంటికి వచ్చాడు.

ఇంజను ఆపి, చేతులు గోనెపట్టాకు తుడుచుకుని వచ్చాడు జ్ఞానయ్య. పున్నమ్మ పుస్తకం చూపించింది.

"ఇదేనా మావాడి ఓడ?"

"ఇదే పెద్దమ్మా."

"మరి ఫిరంగులేవిరా? ఒక్కటీ కనపడదే."

"వెనకవైపు ఉంటాయి. ఫొటోలో పడలేదు."

ఆ మాట అనడానికి అతనికి క్షణం పట్టలేదు. ఏడేళ్ల అలవాటు.

పుస్తకంతో పాటు ఒక ఉత్తరం ఉంది. ఓడను కిందటేడు పని నుంచి తప్పించారని, అది చేసిన పద్నాలుగేళ్ల సేవను పుస్తకంగా వేశారని, ఓడలో ఉండగా చనిపోయిన వారి ఇళ్లకు తలా ఒకటి పంపుతున్నామని అందులో రాశారు. జ్ఞానయ్య ఉత్తరం చదివి చెప్పాడు. తర్వాత పేజీలు తిప్పాడు. అతనికి ఇంగ్లీషు నెమ్మదిగా వస్తుంది. తొమ్మిదో పేజీలో పుల్లయ్య పేరు కనపడింది. ఆ పేరా చదివాడు. మళ్లీ చదివాడు. పుస్తకం మూసి ఆమెకు ఇచ్చేశాడు.

"రేపు గుడిలో చదివిద్దాం," అంది పున్నమ్మ. "కృపారావు మాష్టారు ఇంగ్లీషు చదువుతాడు. నువ్వు పక్కన నిలబడి తెలుగు చెప్పు."

"మాష్టారే రెండూ చెబుతాడు కదా పెద్దమ్మా."

"ఆయనకు ఓడ మాటలు ఏం తెలుసు? ఉన్నవాడివి నువ్వు. అయ్యగారికి కూడా చెప్పా."

ఆ పల్లె ప్రార్థన గుడిలో అది పద్ధతి. మిషన్ దొరలు వచ్చినప్పుడు దొర ఒక వాక్యం చెబుతాడు, పక్కన నిలబడినవాడు తెలుగులో చెబుతాడు. దొరలు రావడం తగ్గాక కూడా పద్ధతి పోలేదు. ఇంగ్లీషులో ఏ కాగితం వచ్చినా, అది ఎవరికైనా ముఖ్యమైనదైతే, ఇద్దరు నిలబడి వినిపించాల్సిందే. ఒక్కడే చదివి చెబితే జనం నమ్మరు.

పున్నమ్మ బస్సెక్కి వెళ్లిపోయింది. బియ్యం లోడుకు వచ్చిన లారీ డ్రైవరు సర్దార్ ఇదంతా గోడ పక్కన బీడీ కాలుస్తూ విన్నాడు. ఆ ఓడ కథలో కొంత నిజం తెలిసింది ఊళ్లో ఒక్క సర్దార్‌కే. ఆ ఓడకు ఫిరంగులు లేవని, ఒకసారి నందిగామ దారిలో లారీ చెడిపోతే బాగుచేస్తూ జ్ఞానయ్యే చెప్పాడు.

"ఇప్పుడేం చేస్తావు భాయ్?" అన్నాడు సర్దార్.

"తెలవటం లేదు."

"జొరం అని ముసుగు తన్ని పడుకో. వచ్చే ఆదివారానికి ముసలామె మర్చిపోద్ది."

"మర్చిపోదు."

"నీది నూనె ఓడ, నాది బియ్యం లారీ. నేనెప్పుడన్నా ఊళ్లో మిలట్రీ టాంకు తోల్తున్నానని చెప్పానా?" అని సర్దార్ నవ్వాడు. జ్ఞానయ్య నవ్వలేదు.

సింధుధార చమురు ఓడ. యుద్ధనౌకలు సముద్రంలో ఉండగానే వాటి పక్కన నడుస్తూ గొట్టాలతో చమురు ఎక్కించడం దాని పని. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు మీ ఓడ ఏం చేస్తుందని పల్లెలో అడిగారు. పుల్లయ్య ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అందరూ నవ్వారు. కిరసనాయిలు బండి అన్నారు. పుల్లయ్య కూడా నవ్వి, కిరసనాయిలు బండివాడు వీధిలో అరిచినట్టు అరిచి చూపించాడు. జ్ఞానయ్యకు తల కొట్టేసినట్టయింది. ఇస్త్రీ చేసిన తెల్ల డ్రెస్సు వేసుకుని మరీ వచ్చాడు అతను. ఆ తర్వాత ఎవరడిగినా ఓడ పేరు చెప్పేవాడు గాని పని చెప్పేవాడు కాదు.

పుల్లయ్య చనిపోయినట్టు టెలిగ్రాం వచ్చేసరికి రేడియోలో గోవా గురించే చెబుతున్నారు. విధి నిర్వహణలో, సముద్రంలో అని మాత్రమే టెలిగ్రాంలో ఉంది. యుద్ధంలో పోయాడని పల్లె తనంతట తానే అనుకుంది. జనవరిలో జ్ఞానయ్య సెలవు మీద వచ్చాడు. గుడిలో సాక్ష్యం చెప్పమన్నారు. గుండు వచ్చి పడిందా అని ఎవరో అడిగారు. పడిందన్నాడు. నువ్వు పక్కనే ఉన్నావా అన్నారు. ఉన్నానన్నాడు. ఆ రెండు మాటల మీద గుడి గోడలో రాయి వెలిసింది. జగ్గయ్యపేట నాపరాయి మీద చెక్కించారు. 'గోవా యుద్ధమున గుండు తగిలి ప్రభువునందు నిద్రించిన పుల్లయ్య.' జ్ఞానయ్య నౌకాదళం నుంచి వచ్చేశాక అతన్ని సంఘ పెద్దగా పెట్టుకున్నారు. యుద్ధం చూసినవాడని.

ఆ శనివారం సాయంత్రం మిల్లు నుంచి వస్తూ జ్ఞానయ్య కృపారావు మాష్టారి ఇంటికి వెళ్లాడు. మాష్టారు అరుగు మీద కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. పుస్తకం అప్పటికే ఆయన దగ్గర ఉంది.

"చదివారా అండీ?"

"బొమ్మలు చూసా. రేపెలాగూ చదవాలి కదా."

"ఒక పేజీలో నేను కొద్దిగా మార్చి చెబుతానండి. పెద్దమ్మ బాధపడుద్దని."

మాష్టారు కళ్లద్దాలు పెట్టుకుని అతన్ని చూశాడు.

"ఇంగ్లీషులో ఉన్నది నేను చదువుతా. తెలుగులో నువ్వేం చెబుతావో నీ ఇష్టం. దొరల పక్కన ఇరవై ఏళ్లు నిలబడ్డా నేను. ఒక దొర మన జనాన్ని తిట్టాడు. తిట్టాడని చెప్పా. రాళ్లేస్తారేమో అనుకున్నా గానీ ఉన్నదే చెప్పా." పుస్తకం పక్కన పెట్టి, "రేపు నేను నిన్ను తప్పు పట్టనులే. పో," అన్నాడు.

జ్ఞానయ్యకు కావలసిన మాట అదే. అయినా ఇంటికి వెళ్లాక అన్నం సహించలేదు. భార్య కృపావతి ఏమైందని అడిగింది. మిల్లులో వేడి అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ లేవలేదు. పాస్టరు ఏసురత్నం అయ్యగారు బల్ల పక్కకు జరిగారు. మాష్టారు పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. జ్ఞానయ్య ఆయనకు ఎడమపక్క నిలబడ్డాడు. ఆడవాళ్ల వైపు మొదటి వరసలో పున్నమ్మ కూర్చుంది. ఆమె వెనక సుబ్బమ్మ. గుడిలో ఏ తర్జుమా జరిగినా మధ్యలో మాట్లాడేది సుబ్బమ్మే.

మాష్టారు చదివాడు. జ్ఞానయ్య చెప్పాడు.

"ఈ ఓడ 1953లో మన దేశానికి వచ్చింది. అంతకు ముందు వేరే దేశం వాళ్లది. పొడవు నాలుగు వందల అరవై అడుగులు. దీనిలో పద్దెనిమిది తొట్లు ఉన్నాయి. ఆరు వేల టన్నుల చమురు పడుతుంది."

"చమురంటే?" అంది సుబ్బమ్మ.

"నూనె. ఓడల ఇంజన్లలో కాల్చేది."

"అయితే నూనె ఓడేనా?"

"కిరసనాయిలు బండని ఆనాడే చెప్పాడుగా పుల్లయ్య," అని మగవాళ్ల వైపు నుంచి ఒకాయన అన్నాడు. కొందరు నవ్వారు. పున్నమ్మ కూడా కొంచెం నవ్వింది.

మాష్టారు తర్వాతి వాక్యం చదివాడు. ఈ ఓడకు చెప్పుకోదగ్గ ఫిరంగులు లేవని, ఆపద వస్తే తోటి ఓడలే దీన్ని కాపాడాలని అందులో ఉంది.

"తోటి ఓడలతో కలిసి తిరిగేది," అన్నాడు జ్ఞానయ్య.

మాష్టారు కళ్లద్దాల పైనుంచి ఒకసారి చూశాడు.

"మాష్టారు అంత చదివితే నువ్వు ఇంతే చెప్పావేందిరా?" అంది సుబ్బమ్మ. "మిగతాది మింగావా?" మళ్లీ నవ్వులు. దొరల కాలం నుంచీ ఆ మాట అనడం ఆమెకు అలవాటు. జ్ఞానయ్య చెమట తుడుచుకున్నాడు.

పేజీలు నడిచాయి. ఓడ కొలంబో వెళ్లింది. సింగపూరు వెళ్లింది. అండమాను వెళ్లింది. ఒక తుఫానులో ఒక తీరానికి తొట్లలో మంచినీళ్లు పట్టుకెళ్లింది. 1957లో పక్కపక్కన నడుస్తూ నలభై ఒక్కసార్లు చమురిచ్చింది, 1958లో యాభై మూడుసార్లు. జనానికి అది బాగానే ఉంది. సింగపూరు అన్నప్పుడు మావాడు అక్కడి నుంచే గొడుగు తెచ్చాడని పున్నమ్మ పక్కామెతో చెప్పింది.

మాష్టారు తొమ్మిదో పేజీ తిప్పాడు. పైనుంచి కిందికి ఒకసారి చూసుకున్నాడు. ఆయన గొంతు కొద్దిగా తగ్గింది. చదవడం మొదలుపెట్టాడు. మూడో వాక్యంలో పుల్లయ్య పేరు వచ్చింది. అంతా ఇంగ్లీషే అయినా ఆ పేరు పున్నమ్మకు తెలిసింది. ఆమె చెంగు తలమీదికి లాక్కుని లేచి నిలబడింది. సువార్త చదివేటప్పుడు లేచినట్టు లేచింది. ఆమెను చూసి ఆడవాళ్లంతా లేచారు. తర్వాత మగవాళ్లు లేచారు. కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు.

జ్ఞానయ్య రాత్రంతా ఒక వాక్యం తయారు చేసుకున్నాడు. గోవా యుద్ధంలో ఓడలకు చమురిస్తుండగా పుల్లయ్య ప్రాణం విడిచాడు, అని. అందులో సగం నిజమే ఉంది. ఆ వాక్యం నోటిదాకా వచ్చింది. తన మాట కోసం అంతమంది నిలబడి ఉంటే దాన్ని అనలేకపోయాడు.

"గోవా పని డిసెంబరు పంతొమ్మిదిన అయిపోయింది," అన్నాడు. "ఇరవై ఒకటో తారీకున, తిరిగి వచ్చే దారిలో, సింధుధార ఒక యుద్ధనౌకకు చమురిస్తా ఉంది."

"అయిపోయాకా?" అంది సుబ్బమ్మ. "మరి గుండు తగిలిందన్నావే?"

"సుబ్బమ్మా, ఉండు," అన్నారు అయ్యగారు.

"గుండు పడలేదు," అన్నాడు జ్ఞానయ్య. "మా ఓడ మీద ఏ గుండూ పడలేదు. ఫిరంగులు కూడా లేవు. ఇందాక అది చెప్పలేదు నేను."

సుబ్బమ్మ గోడలోని రాయి వైపు చూసింది. చాలామంది చూశారు. పున్నమ్మ చూడలేదు. ఆమె జ్ఞానయ్యనే చూస్తోంది. మాష్టారు తర్వాతి వాక్యాలు చదివాడు.

"సముద్రం పొంగు మీద ఉంది. రెండు ఓడలూ దూరం జరిగాయి. చమురు గొట్టం తెగి, డెక్కు మీద ఉన్న స్టోకరు పుల్లయ్యకు ఛాతీ మీద తగిలింది. ఆయన అక్కడికక్కడే చనిపోయాడు."

మాష్టారు పేరాలో ఆఖరి వాక్యం చదివి ఆగాడు. విచారణ జరిగిందనీ, ఇందులో ఎవరి తప్పూ లేదని తేలిందనీ ఆ వాక్యం. దాన్ని మార్చనక్కర లేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. మాష్టారు కూడా కాదనడు.

వెనక ఎవరో దగ్గారు.

"తప్పు నాది," అన్నాడు జ్ఞానయ్య.

మాష్టారు అతని వైపు వంగి, "అది ఇందులో లేదు జ్ఞానయ్యా," అన్నాడు.

"లేదండి. విచారణలో నేను చెప్పలేదు. చెబితే రాసేవాళ్లు."

తర్వాత తలవంచుకునే చెప్పాడు. చమురు పోసేటప్పుడు డెక్కు మీద వాల్వు దగ్గర ఒక మనిషి కదలకుండా నిలబడాలి. ఓడలు దూరం జరుగుతుంటే ఈల వేసి ఎర్ర జెండా చూపిస్తారు. చూసిన మరుక్షణం వాల్వు తిప్పెయ్యాలి. లేకపోతే గొట్టంలో ఒత్తిడి నిలిచి ఉండగానే లాగుడు పడుతుంది. ఆ రోజు వాల్వు దగ్గర ఉండాల్సింది అతను. ఈల వేసినప్పుడు అతను అక్కడ లేడు. పన్నెండు అడుగుల అవతల ఓడ అంచు కటకటాల దగ్గర ఉన్నాడు. పరుగెత్తుకొచ్చి వాల్వు పట్టుకునేసరికి గొట్టం తెగింది. ఈల విన్న వెంటనే కట్టేశానని విచారణలో చెప్పాడు. కాదనగలిగినవాడు పుల్లయ్య ఒక్కడే.

కృపావతి మొహానికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆమెకు కూడా ఇది తెలియడం అప్పుడే.

పున్నమ్మ అడిగింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"ఎంతసేపు లేవు?"

"ముప్పై, నలభై అంకెలు లెక్కపెట్టేంత."

"వాడు నిన్ను పిలిచాడా?"

"పిలిచాడు. రెండుసార్లు. గాలికి సరిగా వినపడలేదు." ఆగి, "మొదటిసారి వినపడింది," అన్నాడు.

"కటకటాల దగ్గర ఏం చేస్తన్నావు?"

"చూస్తన్నా."

"ఏం చూస్తన్నావు?"

"అవతల ఓడ ఫిరంగులు. గోవాలో పేలినవి. రంగు కాలిపోయి నల్లగా ఉన్నాయని ఎవరో అంటే చూడటానికి పోయా."

అయ్యగారు ప్రార్థన చేద్దామన్నట్టు చెయ్యి ఎత్తారు. పున్నమ్మ ఆయన వైపు తిరగలేదు.

"మాష్టారూ, పుస్తకం అయిపోయిందా?"

"ఇంకా ఐదు పేజీలున్నాయమ్మా. ఇవాళ్టికి ఆపుదాంలే."

"చదవండి."

"పున్నమ్మా..."

"నా కొడుకు ఓడ కదండీ. చివరిదాకా వింటా." ఆమె కూర్చుంది. "వాణ్ణే చెప్పమనండి."

జనం కూర్చున్నారు. జ్ఞానయ్య బల్ల మీద చెయ్యి ఆనించుకున్నాడు. బయటికి వెళ్లే దారి ఆడవాళ్ల వరసల మధ్య నుంచి ఉంది. మాష్టారు పదో పేజీ తిప్పాడు.

1962లో ఓడను రేవులో పెట్టి అడుగు గీకారు. పంపులు మార్చారు. జ్ఞానయ్య చెప్పాడు. పోయినవాడి జాగాలో వచ్చినవాడి పేరు లేదు గానీ కొత్తగా పన్నెండు మంది వచ్చారని ఉంది. చెప్పాడు. ఇప్పుడు సుబ్బమ్మ మధ్యలో ఏమీ అనడం లేదు. ఒక్కో వాక్యానికీ మాష్టారు ఆగుతున్నాడు, అతను చెబుతున్నాడు, మాష్టారు మళ్లీ చదువుతున్నాడు.

1963 మార్చి దగ్గరికి వచ్చి మాష్టారు ఆగిపోయాడు. వేలు పేజీ కిందికి జరిపి, ఒక వాక్యం వదిలి తర్వాతిది ఎత్తుకున్నాడు.

"ఆగండి," అంది పున్నమ్మ. "వేలు దాటింది. అక్కడ ఏముంది?"

మాష్టారు జ్ఞానయ్య వైపు చూడకుండా ఆ వాక్యం ఇంగ్లీషులో చదివాడు. ఆ మధ్యలో ఒక పేరు వినపడింది. అందరికీ వినపడింది.

జ్ఞానయ్య పేజీ వైపు చూశాడు.

"చెప్పు," అంది పున్నమ్మ.

"ఒక్క పగటిలో నాలుగు ఓడలకు చమురిచ్చి," అన్నాడు జ్ఞానయ్య. గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టాడు. "ఒక్క పగటిలో నాలుగు ఓడలకు చమురిచ్చి, వాల్వు దగ్గర చూపించిన జాగ్రత్తకు, లీడింగ్ స్టోకరు జ్ఞానయ్య అనే ఆయన్ని కెప్టెను అందరి ముందూ మెచ్చుకున్నారు."

"ఊఁ," అంది పున్నమ్మ. "తర్వాత?"

మాష్టారు తర్వాతి వాక్యం చదివాడు.